జిప్సీ వెనక ఆక్సిల్ ఒకవైపు ముందుకు జరిగింది: సరిచేస్తే రిపేరా, మార్పా?

పర్లాకిమిడి జిప్సీ:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా వేరుపడినప్పుడు మా ఊరు అటు వెళ్లిపోయింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు ఉండిపోయింది. ఇంట్లో తెలుగు, షెడ్డులో సగం ఒడియా. బండి గురించి అడగాలంటే మాత్రం నాకు తెలుగులోనే సరిగ్గా వస్తుంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగుంటుంది, ఓపికగా చదవండి.

నాది 2009 మోడల్ మారుతి జిప్సీ కింగ్. మూడేళ్ల క్రితం రాయగడలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రెండేళ్లుగా ఆటోక్రాస్‌లలో (మలుపుల ట్రాకు మీద టైము చూసే పోటీలు) స్టాక్ క్లాసులో, అంటే కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బండ్ల తరగతిలో నడుపుతున్నాను. ఇంజిన్ ముట్టుకోలేదు, కమాన్లు (ఆక్సిల్‌ని మోసే పట్టీల స్ప్రింగులు) కంపెనీవే, టైర్లు మాత్రం కొత్తవి. సీటు, బెల్టు, మంటలు ఆర్పే సిలిండర్ రూల్ ప్రకారం పెట్టించాను.

సమస్య ఏటంటే, ఈ బండికి ఎడమ మలుపు ఒకలా, కుడి మలుపు ఇంకోలా ఉంటుంది. ఎడమకి తిప్పితే వెనక భాగం నాకంటే ముందే బయలుదేరుతుంది, యాక్సిలరేటర్ మీద కాలు వేయకముందే తోక బయటికి వస్తుంది. కుడికి తిప్పితే ముక్కు వినదు, బండి నెట్టుకుంటూ బయటికి పోతుంది. తిన్నగా వెళ్లేటప్పుడు స్టీరింగ్‌ని ఒక వేలు వెడల్పు కుడికి పట్టి ఉంచాలి, వదిలేస్తే ఎడమకి లాగుతుంది. రెండేళ్లూ ఇది నా డ్రైవింగ్ అలవాటే అనుకున్నాను. కుడి మలుపులు నాకు చేతకావని మనసులో పడిపోయింది. పోయిన నెల మా బావ ఆర్. ఉదయగిరి ఘాట్‌లో నా బండి నడిపి, కిందకి దిగగానే నేనేమీ అడగకుండానే అదే మాట అన్నాడు. అప్పుడు నాకు అనుమానం వచ్చింది.

అలైన్‌మెంట్ షాపుకి రెండుసార్లు తీసుకెళ్లాను. రెండుసార్లూ ముందు చక్రాల టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తేడా) సరిచేసి, స్టీరింగ్ మధ్యకి తెచ్చి, బాగుంది తీసుకెళ్లమన్నారు. వెనక ఏం చూశారని అడిగితే, జిప్సీకి వెనక సర్దడానికి ఏమీ లేదు, అది కడ్డీ ఆక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు) అన్నారు. సర్దడానికి లేదంటే కొలవడానికి కూడా లేదని కాదు కదా. వారం తిరిగేసరికి స్టీరింగ్ మళ్లీ పక్కకి వచ్చింది.

సరే అని నేనే కొలిచాను. మా పెదనాన్నగారి రైస్ మిల్లులో ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం ఉంది. పైపులో నీళ్లు పోసి నాలుగు చక్రాల చోటా లెవెల్ చూశాను, తేడా 2 మి.మీ. లోపే. బండిని అక్కడ నాలుగడుగులు ముందుకీ వెనక్కీ తోసి కమాన్లు కుదురుకోనిచ్చి, స్టీరింగ్ తిన్నగా కట్టేసి, నాలుగు హబ్బుల మధ్య నుంచి తాపీ మేస్త్రి తూకం గుండు వదిలాను. గుండు ఊగడం ఆగేదాకా కూర్చోవాలి. గాలి ఉంటే ఆగదు, అందుకని తెల్లారగట్ల ఐదున్నరకి చేశాను. మొన ఆగిన చోట సుద్దతో గుర్తు పెట్టి, బండి తీసేసి, నేల మీద గుర్తు నుంచి గుర్తుకి టేపు పట్టాను.

కుడివైపు 2374 మి.మీ. ఎడమవైపు 2366. మూడుసార్లు కొలిచాను, ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అదే. కంపెనీ చెప్పే వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం) 2375. అంటే ఎడమ వెనక చక్రం 8 మి.మీ. ముందుకు ఉంది.

ఇప్పుడు నా ప్రశ్నలు. దీన్ని ఎలా సరిచేయాలి? ఇంకోటి, నన్ను ఎక్కువ పీడిస్తున్నది: స్టాక్ క్లాసులో సస్పెన్షన్ పట్టు బిందువులు (అది బండికి బిగిసే చోట్లు) మార్చకూడదని రాసి ఉంటుంది. నేను ఆక్సిల్‌ని వెనక్కి జరిపితే అది మార్చినట్టా, బాగుచేసినట్టా? వచ్చే నెల ఒక ఈవెంట్ ఉంది, అప్పటికి బండి నిజాయితీగా తయారుగా ఉండాలి.


కమాన్ కట్ట, బరంపురం:

బాబూ, కొలిచిన పద్ధతి బాగుంది. నలభై ఏళ్లుగా లారీలకీ జీపులకీ కమాన్లు కడుతున్నాను, తూకం గుండు పట్టిన కుర్రాడిని చూస్తే సంతోషంగా ఉంది. కానీ ఒక చోట తొందరపడ్డావు.

వెనక ఆక్సిలే తప్పని ఎలా తేల్చావు? నువ్వు చక్రం నుంచి చక్రానికి కొలిచావు. జిప్సీకి ముందు కూడా కమాన్ల మీద కూర్చున్న కడ్డీ ఆక్సిలే. ఎడమవైపు ముందుది 8 వెనక్కి పోయినా నీ టేపులో ఇదే లెక్క వస్తుంది. లేకపోతే దాంట్లో కొంత, దీంట్లో కొంత. కాబట్టి ఛాసిస్ (బండి కింది ఫ్రేము) నుంచి కొలవాలి. ఛాసిస్‌కి రెండు వైపులా కంపెనీ రంధ్రాలు జంటగా ఉంటాయి, వాటి నుంచి గుండు వదులు. ముందు ఆ ఛాసిస్ గుర్తులనే మూల నుంచి మూలకి కొలిచి ఫ్రేము తిన్నగా ఉందో లేదో చూసుకో. మంచానికి మూలలు చూస్తాం కదా, అలాగే. రెండు మూలల కొలతలూ కలిస్తేనే ఆ ఫ్రేముని నమ్మి, దాని నుంచి ఒక్కొక్క ఆక్సిల్ కొలవాలి.

వెనక ఆక్సిల్ జరిగిందని తేలితే మూడు చోట్ల చూడు. కమాను ముందు కన్నులో (బోల్టు దూరే చివరి చుట్టులో) రబ్బరు బుష్ అరిగిపోయి ఉంటుంది. లేదా కమానుని ఆక్సిల్‌కి కట్టే యు బోల్టులు వదులై ఉంటాయి. లేదా కమాను పట్టీలని కలిపే సెంటర్ బోల్టు తెగి ఉంటుంది. జిప్సీకి కమాను ఆక్సిల్ కింద ఉంటుంది కాబట్టి సెంటర్ బోల్టు తల పైకి ఉండి, ఆక్సిల్‌కి వెల్డు చేసిన పీట రంధ్రంలో కూర్చుంటుంది. ఆక్సిల్‌ని ముందుకీ వెనక్కీ పోకుండా ఆపేది ఆ చిన్న తలే. యు బోల్టులు అదిమి పట్టుకుంటాయి, అంతే. అవి వదులైతే బ్రేకు కొట్టినప్పుడల్లా, గేరు వేసినప్పుడల్లా దెబ్బ ఆ తల మీద పడుతుంది. ఒకరోజు తెగుతుంది.

విప్పే ముందు టార్చి వేసి యు బోల్టు పక్కన చూడు. తుప్పు లేకుండా మెరిసే గీత కనిపిస్తే ఈ మధ్యే జరిగినట్టు. గీత లేకుండా మట్టీ రంగూ ఒకటిగా పేరుకుపోయి ఉంటే ఎప్పటి నుంచో అలాగే ఉందన్నమాట. అది వేరే కథ.

ఇంకోటి గుర్తుపెట్టుకో. పీటలు చక్రాల కంటే లోపలికి ఉంటాయి. పీట దగ్గర 4 మి.మీ. జరిగితే చక్రం దగ్గరికి వచ్చేసరికి 6 దాకా కనిపిస్తుంది. రెండు లెక్కలూ కలవలేదని కంగారు పడకు.

హౌసింగ్ (ఆక్సిల్ పై గొట్టం) వంగిందేమో కూడా చూసేయ్. రెండు వైపులా గేలం దారం లాగి కట్టి వెనక చక్రం టో చూడు. రిమ్ము సొట్టల వల్ల తప్పు లెక్క రాకుండా, రిమ్ము ముందు అంచున ఒక చోట సుద్ద పెట్టి కొలువు, చక్రం సగం తిరిగేదాకా బండి తోసి, అదే సుద్ద గుర్తు వెనక అంచుకి వచ్చాక మళ్లీ కొలువు. ఒకే చోటుని రెండుసార్లు కొలుస్తున్నావు కాబట్టి రిమ్ము వంకర లెక్కలోకి రాదు.


గోదావరి ఒడ్డు, సిరొంచ:

అన్నా, మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, నాది కూడా జిప్సీయే. ఒక మాట చెప్తా, తప్పుగా అనుకోకు. ఆటోక్రాస్ ట్రాకుల్లో ఎడమ మలుపులు ఎక్కువ ఉన్న దగ్గర నీ బండి మస్తు తిరుగుతది కదా. ఎడమ చివర ముందుకుంటే వెనక చక్రాలు రెండూ కుడి మొకం పెడ్తయ్, తోక కుడికి పోతది, ముక్కు ఎడమకి వస్తది. గుండ్రటి ట్రాకుల మీద ఉరికే బండ్లకు బయటి దేశాల్ల కావాలనే ఆక్సిల్‌ను గిట్ల పెడ్తరు. నువ్వు చేసింది కాదు, కొన్నప్పుడే అట్ల ఉంది. ఈ ఒక్క ఈవెంట్ అయ్యే దాకా ఉండనీ, తర్వాత సరిచేస్కో. ఎవ్వరు కొలుస్తరు?


పర్లాకిమిడి జిప్సీ:

తమ్ముడూ, నువ్వు చెప్పిన పని తీరు కరెక్టే, తోక ఎటు పోతుందో నువ్వు రాశాకే నాకు బొమ్మ పూర్తిగా అర్థమైంది. కానీ ఉంచలేను. కొలవక ముందు వేరు. ఇప్పుడు కొలిచాను, తెలిసింది. పైగా ఇదే బండిలో మా అమ్మని గుణుపురం తీసుకెళ్తాను, ఆ దారిలో కుడి మలుపులు కూడా ఉన్నాయి.

గురువుగారూ, మీరు చెప్పినట్టే ఆదివారం మళ్లీ కొలుస్తాను.


స్క్రూటినీ షెడ్, విశాఖ:

నేను కొన్ని ఈవెంట్లలో బండ్ల తనిఖీకి వాలంటీరుగా పనిచేశాను. రూల్ సంగతి నాకు తెలిసినంత వరకు చెబుతాను. చివరి మాట మాత్రం మీ ఈవెంట్ వాళ్లదే, అది గుర్తుంచుకోండి.

మొదట సిరొంచ తమ్ముడికి. "ఎవరు కొలుస్తారు" అన్నది సరైన ప్రశ్న కాదు. అంతర్జాతీయ మోటార్ స్పోర్ట్ కోడ్‌లో ఒక మాట ఉంది: బండిని తనిఖీకి తెచ్చి నిలబెట్టడమంటేనే, ఇది రూల్ ప్రకారం ఉందని పోటీదారు మాట ఇచ్చినట్టు. మేము చూడలేదు కాబట్టి సరిపోయింది అనడానికి వీల్లేదు. ఈవెంట్ మొదలు నుంచి చివరి దాకా బండి రూల్‌లో ఉందని చూపించాల్సిన బాధ్యత పోటీదారుదే. మన దేశంలో మోటార్ స్పోర్ట్ చూసే సంస్థ ఎఫ్ఎమ్ఎస్‌సీఐ కింద జరిగే పోటీలకి కూడా పునాది ఆ కోడే.

ఇక మీ ప్రశ్న. ప్రొడక్షన్ బండ్ల రూల్స్ రాసేటప్పుడు అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఐఏ, కోడ్ అనుబంధం జెలో పాటించే సూత్రం ఒకటే: అనుమతి అని రాసి లేనిదంతా నిషేధం. చాలామంది దీన్ని తలకిందులుగా చదువుతారు, "చేయకూడదని ఎక్కడుంది" అని మా టేబుల్ దగ్గర వాదిస్తారు. చేయవచ్చని ఎక్కడుందో వాళ్లు చూపించాలి.

ఆ లెక్కన మీ పని రెండు రకాలుగా ఉండొచ్చు. సెంటర్ బోల్టు తెగి ఆక్సిల్ జరిగిందనుకోండి, కంపెనీ బోల్టు వేసి కంపెనీ రంధ్రంలో కూర్చోబెడితే అది రిపేరు. ఎవరూ మాట్లాడరు. అలా కాక పీట రంధ్రాన్ని కోలగా చేసి, ఆక్సిల్‌ని కావలసిన చోటికి జరుపుకునేలా పెట్టారనుకోండి, చివరికి 2375 వచ్చేలా బిగించినా అది మార్పే. ఎందుకంటే కంపెనీ ఇవ్వని సర్దుబాటు అక్కడ పుట్టింది. ఈ రోజు 2375కి బిగించినవాడు రేపు 2370కి బిగించగలడు. కమానుకీ పీటకీ మధ్య ఏటవాలు ప్లేటు పెట్టడమూ, హౌసింగ్ గొట్టాన్ని వేడి చేసి వంచి చక్రాలకి క్యాంబర్ (నిలువు నుంచి పక్కకి వాలు) తెప్పించడమూ అంతే. రెండోది నేను కళ్లారా చూశాను. ఆక్సిల్ బేరింగులు రెండు ఈవెంట్లకే పోయాయి, ఆయిల్ సీలు కారి బ్రేకు డ్రమ్ము తడిసింది.

మేము కొలిచేటప్పుడు ఎడమా కుడీ వీల్‌బేస్ టేపుతో చూస్తాం. ఎంత తేడా వరకు ఒప్పుకుంటారో మీ ఈవెంట్ సప్లిమెంటరీ రెగ్యులేషన్స్ (ఆ ఈవెంట్ సొంత రూల్స్) పత్రంలో చూడండి, అందులో లేకపోతే రాసి అడగండి. ఫోన్‌లో అడగొద్దు. ఫోన్‌లో చెప్పిన మాట తనిఖీ రోజు ఎవరికీ గుర్తుండదు. ఈమెయిల్ రాసి, కొలతలూ ఫొటోలూ జతచేసి, వచ్చిన జవాబు ప్రింటు తీసి బండి కాగితాలతో పాటు పెట్టుకోండి. ఎవరైనా ప్రొటెస్ట్ (మీ బండి మీద అభ్యంతరం) వేస్తే అది మీ చేతిలో ఉంటుంది. తాత్కాలిక ఫలితాలు అంటించిన 30 నిమిషాల్లోగా రాతపూర్వకంగా, ఫీజు కట్టి ప్రొటెస్ట్ వేయొచ్చని కోడ్ చెబుతుంది. ఆ అరగంటలో జవాబు వెతుక్కోవడం కంటే ఇప్పుడే వెతుక్కోవడం మేలు.

ఇంకో సంగతి, మీ ఆర్‌సీ తీసి చూడండి. వీల్‌బేస్ మి.మీ.లలో అచ్చు వేసి ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆ వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అంటే ఇది ఒక్క పోటీ సంగతే కాదు.


పర్లాకిమిడి జిప్సీ:

ఆదివారం కొలిచాను, సోమవారం విప్పాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఫ్రేము మూలలు కలిశాయి, 1 మి.మీ. తేడా. అది చూశాక సగం టెన్షన్ తగ్గింది. ఛాసిస్ నుంచి చూస్తే ముందు ఆక్సిల్ ఎడమవైపు 2 మి.మీ. వెనక్కి ఉంది, వెనక ఆక్సిల్ ఎడమ చక్రం దగ్గర 6 మి.మీ. ముందుకు ఉంది. గురువుగారు చెప్పినట్టే రెండూ కలిసి 8 అయింది. నేను మొదటి రోజే వెనక 8 జరిపి ఉంటే కొత్త వంకర తెచ్చుకునేవాడిని. పీట దగ్గర కొలిస్తే 4.

లెక్క కూడా వేసి చూశాను. రెండు చక్రాల మధ్య సుమారు 1310 మి.మీ. వెడల్పు మీద 6 అంటే పావు డిగ్రీకి కొంచెం పైన. చూడ్డానికి ఏమీ లేదు. కానీ ఆ కోణంతో 2375 పొడవు బండి నడిస్తే వెనక చక్రాలు దాదాపు 11 మి.మీ. పక్కకి జరిగి నడుస్తాయి. తడి మట్టి మీద తిన్నగా నడిపి దిగి చూశాను, వెనక అచ్చు ముందు అచ్చుకి ఒక పక్కన అంచు తేలి కనిపించింది. రెండేళ్లుగా ఆ అచ్చు నా వెనకే పడుతోంది. టైర్లు చూసి ఎందుకు పట్టుకోలేకపోయానో కూడా ఇప్పుడు తెలిసింది. వెనక చక్రాలు రెండూ ఒకదానికొకటి సమాంతరంగానే ఉన్నాయి, ఆక్సిల్ మొత్తం వంకరగా ఉంది. అందుకే టైరు ఒక అంచు అరిగిపోవడం లాంటి గుర్తేమీ రాలేదు. గేలం దారం కట్టి, గురువుగారి సుద్ద గుర్తు పద్ధతిలో చూస్తే ఎడమ చక్రం టో అర మిల్లీమీటరు, కుడిది సున్నా. హౌసింగ్ వంగలేదు.

ఇక విప్పిన సంగతి. యు బోల్టు పక్కన మెరిసే గీత లేదు. నల్ల రంగు, దాని మీద మట్టి, ఆ మట్టి మీద మళ్లీ నల్ల రంగు. ఎడమ వైపు నాలుగు నట్లు విప్పి, జాకీతో హౌసింగ్‌ని రెండంగుళాలు లేపాను. సెంటర్ బోల్టు తెగలేదు, తల నిండుగా ఉంది.

పీట రంధ్రం గుండ్రంగా లేదు. వైరు బ్రష్షు కొట్టి, కిరోసిన్ గుడ్డతో తుడిచి, కింద పడుకుని అద్దం పెట్టి చూశాను. రంధ్రం ముందూ వెనకా కోలగా ఉంది, ఒక అంచున ఆకురాయి గీతలు వరసగా ఉన్నాయి, దువ్వెన పళ్లలా. అరిగితే అంచు నున్నగా అవుతుంది, ఇలా గీతలు పడవు. దాని పక్కనే సగం వాషరు ముక్క వెల్డు చేసి ఉంది, బోల్టు తల మళ్లీ పాత చోటికి పోకుండా ఆపడానికి. కుడి పీట రంధ్రం మాత్రం కంపెనీ నుంచి వచ్చినట్టే గుండ్రంగా ఉంది. ఎవరో చేత్తో, ఆలోచించి చేసిన పని ఇది. బండి ఎప్పుడో కుడికి లాగుతుంటే అసలు కారణం వెతక్కుండా ఇలా సర్దేసి ఉంటారని మా షెడ్డు మేస్త్రి అంటున్నారు.

ఇది చూసి ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. పోయిన డిసెంబరులో ఇదే బండి మీద నాకు స్టాక్ క్లాసులో మూడో స్థానం వచ్చింది. ట్రాకులో పది మలుపులుంటే ఏడు ఎడమవి. ఆ కప్పు మా ఇంట్లో టీవీ పక్కన ఉంది. నేను రూల్‌లో ఉన్నాననే నమ్మకంతో తనిఖీకి నిలబెట్టాను, కానీ బండి రూల్‌లో లేదు.

స్క్రూటినీ అన్నగారూ, రెండు విషయాలు చెప్పండి. ఆ రంధ్రాన్ని వెల్డుతో నింపి, అసలు చోట మళ్లీ గుండ్రంగా తొలిస్తే ఒప్పుకుంటారా? డిసెంబరు సంగతి నేను ఎవరికైనా చెప్పాలా?


స్క్రూటినీ షెడ్, విశాఖ:

వెల్డు సంగతి. ఉద్దేశం మంచిదే. కానీ వెల్డు పడిన పీటను చూసిన ప్రతి తనిఖీ మనిషికీ అదే అనుమానం వస్తుంది, మీరు ప్రతిసారీ అదే కథ చెప్పుకోవాలి. వేరే హౌసింగ్ దొరికితే అది వేయండి. దొరక్కపోతే విప్పిన ఫొటోలు, తొలిచాక తీసిన కొలతలు పంపి రాతపూర్వకంగా అనుమతి అడగండి.

డిసెంబరు సంగతి. ప్రొటెస్ట్ గడువు ఎప్పుడో అయిపోయింది, మిమ్మల్ని ఎవరూ అడగరు. అయినా మీరే రాయాలనుకుంటే ఆ ఈవెంట్ నిర్వాహకులకి రాయండి. తర్వాత ఏం చేయాలన్నది వాళ్లు చూసుకుంటారు.


కమాన్ కట్ట, బరంపురం:

బాబూ, హౌసింగ్ దొరికితే నీ డిఫరెన్షియల్ (ఆక్సిల్ మధ్యలోని గేర్ల ముద్ద) అలాగే విప్పి అందులోకి మార్చుకో. జిప్సీకి అది ముందు నుంచి బోల్టులతో బయటికి వచ్చేస్తుంది, కాబట్టి నీ గేర్ రేషియో మారదు. రూల్ వాళ్లకి అది కూడా చెప్పు. ఇరుసులు (హౌసింగ్ లోపల చక్రాలని తిప్పే కడ్డీలు) కూడా నీవే వేసుకో, కానీ బేరింగులూ సీళ్లూ కొత్తవి వేయి, అక్కడ పిసినారితనం వద్దు. కొన్న హౌసింగ్‌ని గుడ్డిగా నమ్మకు, ఎక్కించాక దారం కట్టి చూడు.

యు బోల్టులు పాతవి మళ్లీ వాడొద్దు, అవి ఒకసారి సాగాయంటే మళ్లీ అంత పట్టు పట్టవు. నాలుగు నట్లూ మూలకి మూల, కొంచెం కొంచెం బిగించు. కన్ను బోల్టుల చివరి బిగింపు బండి చక్రాల మీద నిలబడ్డాకే. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్ మెలి తిరిగిపోయి తొందరగా చిరుగుతుంది. ముందు ఆక్సిల్ ఎడమ కమాను కన్ను బుష్ కూడా మార్చు, నీ 2 మి.మీ. అక్కడే ఉంటుంది. 100 కిలోమీటర్లు నడిపాక యు బోల్టులు మళ్లీ ఒకసారి చూడు, కొత్త బోల్టుల పట్టు కుదురుకుంటుంది.


గోదావరి ఒడ్డు, సిరొంచ:

అన్నా, నేను కూడా నిన్న పొద్దుగాల గుండు పట్టి కొలిచిన. ఎడమ కుడి తేడా 3 మి.మీ. ఉంది. బుష్‌లు చూస్తున్న. నువ్వు రాయకపోతే నేను ఎప్పటికీ కొలవకపోదును.


పర్లాకిమిడి జిప్సీ:

పని అయింది. అడిగినవాళ్ల కోసం వివరాలు.

విశాఖలో పాత సామాన్ల కొట్టులో హౌసింగ్ దొరికింది, రూ. 9,500. కొనే ముందు రెండు పీటల రంధ్రాలూ వేలు పెట్టి తడిమి చూశాను, రెండూ గుండ్రంగా, అంచు పదునుగా ఉన్నాయి. కొట్టాయన విచిత్రంగా చూశాడు, గేరు పళ్లు చూసుకునేవాళ్లే గానీ పీట రంధ్రంలో వేలు పెట్టేవాడిని చూడలేదట. పలాస దాకా లారీలో, అక్కడి నుంచి ఆటోలో తెచ్చాం. నా డిఫరెన్షియల్, నా ఇరుసులే అందులోకి మార్చాం. బేరింగులు, సీళ్లు, యు బోల్టులు, సెంటర్ బోల్టులు కొత్తవి. ముందు ఎడమ కన్ను బుష్ తీస్తే రబ్బరు ఒక పక్క కాగితంలా పలచబడి ఉంది, అదీ మార్చాం. బ్రేకు గొట్టం విప్పాం కాబట్టి గాలి తీసి మళ్లీ ఆయిల్ పోశాం.

వచ్చే నెల ఈవెంట్ నిర్వాహకులకి కొలతలు, పాత పీట ఫొటో, కొత్త పీట ఫొటో పంపాను. కంపెనీ హౌసింగే కాబట్టి అభ్యంతరం లేదు, తనిఖీ రోజు వీల్‌బేస్ రెండు వైపులా కొలుస్తాం అని జవాబు వచ్చింది. ప్రింటు తీసి ఆర్‌సీ కవరులో పెట్టాను.

డిసెంబరు ఈవెంట్ వాళ్లకి కూడా రాశాను. పాత పీట ఫొటో పెట్టి, ఇది నాకు అప్పుడు తెలియదు, కానీ బండి ఇలా ఉంది, కప్పు తిరిగి ఇవ్వడానికి సిద్ధం అని రాశాను. ఫలితాలు ఖరారయ్యాయి కాబట్టి ఇక మార్చబోమని, చెప్పినందుకు సంతోషమని వాళ్లు రాశారు. నాలుగో స్థానం వచ్చిన కుర్రాడి నంబరు నా దగ్గర ఉంది. అతనికి ఫోన్ చేసి విషయం చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నా బండి కూడా కొలిచి పెడతారా అన్నా" అన్నాడు. శుక్రవారం వస్తున్నాడు, కళ్లం ఊడ్పించి పెట్టాను.

నిన్న ఉదయగిరి ఘాట్ ఎక్కి దిగి వచ్చాను. స్టీరింగ్ మధ్యలో ఉంది, చేతులు వదిలినా బండి తిన్నగా వెళ్తోంది. కుడి మలుపులో మొదటిసారి ముక్కు నేను చూసిన చోటికి వచ్చింది. ఎడమ మలుపులో మాత్రం పాత అలవాటుకి ముందే ఎదురు స్టీరింగ్ ఇచ్చేస్తున్నాను, రెండుసార్లు బండి గట్టు వైపు వెళ్లబోయింది. అది నేర్చుకోవాలి.

110 కిలోమీటర్లు అయ్యాక యు బోల్టులు చూశాను. కుడివైపు ఒక్క నట్టూ కదల్లేదు, ఎడమవైపు వెనక నట్టు పావు చుట్టు తిరిగింది. మళ్లీ గుండు వదిలి కొలిచాను: కుడి 2375, ఎడమ 2374.